పిల్లి ఉన్న ఇంట్లో క్రిస్మస్ చెట్టు

క్రిస్మస్ చెట్టును గదిలో నిలబెట్టగానే అది తన కోసమే తెచ్చారనుకుంటుంది ఇంటి పిల్లి. ఎక్కడానికి కొమ్మలు, పంజా విసరడానికి వేలాడే బంతులు. చెట్టు మీద పడుతుందేమోనన్నదే చాలామంది భయం. దానికి ఉపాయం తేలికే. సరుగుడు కొమ్మయినా, ప్లాస్టిక్ చెట్టయినా అడుగున బరువు పెట్టి, పైభాగాన్ని కిటికీ ఊచకు తాడుతో కట్టేస్తే సరి.

అసలు ప్రమాదం కొమ్మల మీద తళతళలాడే టిన్సెల్ దారాలతో. పిల్లి నాలుక మీది ముళ్లలాంటి బుడిపెలు గొంతువైపు వంగి ఉంటాయి. నోట్లోకి వెళ్లిన దారాన్ని ఉమ్మేయడం దానికి కష్టం, మింగేస్తుంది. ఒక కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుంటే, మిగతా దారం బిగుసుకుని పేగును కుచ్చిళ్లలా ముడిచి కోసేస్తుంది. అప్పుడు తరచూ ఆపరేషనే గతి. వాంతులు, తిండి మానేయడం కనిపిస్తే తాత్సారం వద్దు. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం వేలాడుతుంటే లాగకండి, పశువైద్యుడికి చూపించండి.

టిన్సెల్ మానేసినంత మాత్రాన చెట్టు అందం తగ్గదు. గాజు బంతులు పై కొమ్మలకు, గుడ్డ బొమ్మలు కింద. పడుకునే ముందు లైట్ల ప్లగ్ తీసేయాలి. పండక్కి వచ్చే బొకేలో పెద్ద రేకుల లిల్లీలుంటే (దండల్లో గుచ్చే లిల్లీ వేరు) ఇంట్లో ఉంచొద్దు. వాటి పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు పాడవుతాయి. పక్కింటివాళ్లకు ఇచ్చేయండి, వాళ్లకూ పిల్లి లేకపోతే.