విప్పి చూడగల యంత్రం

పల్లెలో ఎడ్లబండి చక్రానికి ఒక ఆకు విరిగితే రైతు బండిని పారవేయడు. వడ్రంగి వద్దకు తోలుకొని పోతాడు. వడ్రంగి విరిగిన ఆకును తీసి, కొత్త ఆకును బిగిస్తాడు. ఇరుసు అరిగితే ఇరుసు మారుతుంది. కాడి విరిగితే కాడి మారుతుంది. బండి మాత్రం తండ్రి నుంచి కొడుకుకు సంక్రమిస్తుంది. ఇంత సామాన్యమైన వివేకం మానవ మేధస్సు సృష్టించిన కంప్యూటరుకు, దాని వారసునిగా అరచేతిలోకి వచ్చిన ఫోనుకు ఎందుకు వర్తించకూడదు? బ్యాటరీ ఒక్కటి నీరసించినంత మాత్రాన పరికరమంతా ఎందుకు మూలపడాలి? రేపటి వ్యక్తిగత కంప్యూటరు ఎట్లా ఉండాలన్న చర్చ ఈ ప్రశ్నతోనే మొదలుకావాలి.

నిజానికి వ్యక్తిగత కంప్యూటరు పుట్టుకలోనే ఈ వివేకం ఉన్నది. 1981లో ఐబీఎం సంస్థ విడుదల చేసిన కంప్యూటరు లోపల అదనపు కార్డులను అమర్చుకొనడానికి ఖాళీ గాడులు ఉండేవి. దాని నిర్మాణ వివరాలను సంస్థ బహిరంగపరచడంతో, దానికి సరిపోయే భాగాలను ఎన్నో ఇతర సంస్థలు తయారు చేయగలిగాయి. విడిభాగాలను కూర్చి తయారుచేసే ‘అసెంబుల్డ్’ కంప్యూటరు ఆ విధంగా సామాన్యునికి అందింది. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల ప్రాసెసరు ఒక దుకాణంలో, మెమరీ మరొక దుకాణంలో కొని, కూర్పించి తెచ్చుకొన్న యంత్రాలతోనే ఎందరో తెలుగు విద్యార్థులు ఈ విద్యలో అక్షరాభ్యాసం చేశారు. చేతిలో ఉన్న డబ్బును బట్టి ఈ ఏడు మెమరీని, మరుసటి ఏడు హార్డ్ డిస్కును పెంచుకొనే వీలుండేది. మధ్యతరగతి ఇంటికి అది వడ్డీ లేని వాయిదా పద్ధతి వంటిది.

కంప్యూటరు చేతిలోకి ఇమిడేసరికి ఆ తలుపు మూసుకొన్నది. పలుచదనం కోసం, నీరు చొరకుండా ఉండడం కోసం భాగాలను జిగురుతో అతికించడం మొదలైంది. ఈ కారణాలు బూటకమైనవి కావు. జేబులో పట్టాలంటే పరికరం పలుచగా ఉండాలి. వానలో తడిసినా పనిచేయాలి. అయితే ఈ సౌకర్యానికి చెల్లిస్తున్న మూల్యం ఎంత అన్నది ఆలోచించవలసిన విషయం.

మూసిన తలుపును తిరిగి తెరవడానికి కొన్ని ప్రయత్నాలు జరిగాయి. 2013లో నెదర్లాండ్స్‌కు చెందిన డేవ్ హక్కెన్స్ ‘ఫోన్‌బ్లాక్స్’ అనే భావనను ప్రపంచం ముందుంచాడు. పిల్లలు దిమ్మెలను పేర్చినట్లు కెమెరాను, బ్యాటరీని, తెరను ఎవరికి కావలసినట్లు వారు పేర్చుకొనే ఫోను అది. అదే ఏడాది ‘ప్రాజెక్ట్ ఆరా’ పేరుతో ఇటువంటి ఫోను నిర్మాణం వెలుగులోకి వచ్చింది. గూగుల్ దానిని కొంతకాలం కొనసాగించి, 2016లో విరమించింది. ఆ సంవత్సరమే ఎల్‌జీ సంస్థ కింది భాగాన్ని లాగి మార్చుకోగల ‘జీ5’ ఫోనును తెచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన ఫోనులో ఆ పద్ధతి కనిపించలేదు.

ఈ అపజయాలను చూసి విడిభాగాల ఆలోచనే తప్పని తీర్మానించడం తొందరపాటు. భాగానికీ భాగానికీ మధ్య పెట్టే ప్రతి అతుకు కొంత స్థలాన్ని, కొంత బరువును, కొంత ఖర్చును కోరుతుంది. అన్నిటినీ విడదీయబోతే ఆ భారం పరికరాన్నే కుంగదీస్తుంది. పైగా ఒకే సంస్థ ఫోనుకు సరిపోయే భాగం, ఆ సంస్థ దారి మార్చుకొన్ననాడు నిరుపయోగమవుతుంది. మితంగా విడదీసినవారు నిలదొక్కుకొన్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఫెయిర్‌ఫోన్ సంస్థ తెరను, బ్యాటరీని, కెమెరాను వినియోగదారుడే మార్చుకొనగల ఫోనును 2015లో తెచ్చి, ఆ మార్గంలోనే కొనసాగింది. అమెరికాలోని ఫ్రేమ్‌వర్క్ సంస్థ 2021లో తెచ్చిన ల్యాప్‌టాప్‌ను సాధారణమైన స్క్రూ డ్రైవరుతో విప్పి, భాగాలను మార్చవచ్చు.

ఇక తీగలు లేని సంధానం ఈ చర్చకు కొత్త మలుపునిచ్చింది. 1994లో ఎరిక్సన్ సంస్థలో మొదలైన పరిశోధన బ్లూటూత్‌గా రూపొందింది. 1997లో తీగలు లేని నెట్‌వర్కుకు తొలి ప్రమాణం వెలువడింది. ఆనాటి నుంచి కంప్యూటరు భాగాలన్నీ ఒకే పెట్టెలో ఉండవలసిన అవసరం తగ్గుతూ వచ్చింది. చెవిలో ఒక భాగం, మణికట్టున ఒక భాగం, బల్లమీద ఒక భాగం ఉండి, అన్నీ కలిసి ఒక యంత్రంగా పనిచేయగలవు. వేర్వేరు సంస్థల భాగాలు పరస్పరం మాట్లాడుకొనగలుగుతున్నాయంటే ఉమ్మడి ప్రమాణమే అందుకు కారణం.

కాని ఇక్కడ ఒక వైపరీత్యం ఉన్నది. తీగ తెగగానే ప్రతి భాగానికీ సొంత బ్యాటరీ కావలసి వచ్చింది. తీగ ఉన్న ఇయర్‌ఫోనుకు బ్యాటరీ అక్కరలేదు. తీగ తెగితే అతికించుకొనవచ్చు. చెవిలో అమరే చిన్న సాధనంలో బ్యాటరీ క్షీణిస్తే చాలాసార్లు ఆ సాధనాన్నే పారవేయవలసి వస్తున్నది. విడదీసి, విప్పరాకుండా మూసివేస్తే చెత్తకుప్ప ఒకటికి నాలుగవుతుంది.

ఆ కుప్ప ఇప్పటికే చిన్నది కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. వాటిలో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్లు నమోదైనవి 22.3 శాతమే. మిగిలినవాటిలో కొంత ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్లకు చేరుతుంది. అటువంటి చోట్ల రాగి కోసం తీగలను కాల్చి, లోహాల కోసం ఆమ్లాలను వాడే శ్రామికుల ఊపిరితిత్తులే పలుచని ఫోనుకు మూల్యం చెల్లిస్తున్నాయి.

ప్రభుత్వాలు కొంత మేల్కొన్నాయి. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు నుంచి ఫోన్లకు ఒకే రకమైన చార్జింగ్ రంధ్రాన్ని తప్పనిసరి చేసింది. చిన్న పరికరాల బ్యాటరీలను, కొన్ని మినహాయింపులతో, వినియోగదారుడే మార్చుకొనగలిగేలా ఉండాలన్న నిబంధనకు 2027 ఫిబ్రవరిని గడువుగా విధించింది. భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కుకు సంబంధించిన పోర్టల్‌ను ప్రారంభించింది.

ఇవి తొలి అడుగులు మాత్రమే. తొందరగా పాడయ్యే బ్యాటరీ, తెర, చార్జింగ్ రంధ్రం సులభంగా మార్చదగినవిగా ఉండాలి. వాటి కొలతలు ఉమ్మడి ప్రమాణాలకు లోబడాలి. విడిభాగాలు, మరమ్మతు వివరాలు వీధి చివరి చిన్న దుకాణానికీ అందాలి. యంత్రం ఒడలు గట్టిగా ఉన్నంతకాలం దానికి సాఫ్ట్‌వేర్ అందుతూ ఉండాలి. ఇందువల్ల పరికరం వెంట్రుకవాసి మందమైతే కావచ్చు, వెల కొంచెం పెరిగితే పెరగవచ్చు. రెండేళ్ళకొకసారి కొత్తది కొనడంకంటె అది భారమేమీ కాదు.

విప్పి చూడగలిగిన యంత్రం విద్యార్థికి గురువు కూడా. తన చేతిలోని వస్తువు ఎట్లా పనిచేస్తుందో తెలిసినవాడు దానికి యజమాని అవుతాడు. తెలియనివాడు డబ్బు చెల్లించి కూడా అద్దెదారుగానే మిగులుతాడు. బండి చక్రపు ఆకును మార్చుకొన్న రైతుకు ఉన్న ఆ యాజమాన్యం, రేపటి కంప్యూటరును చేతపట్టే యువతకు కూడా దక్కాలి.