పెట్టె మారినా కాపురం అదే!

నాదెండ్లలో మా నాన్నగారి కంప్యూటర్ సంక్రాంతి ముందు మూగబోయింది. బటన్ నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం వెలగదు. మదర్‌బోర్డు పోయిందని తేల్చేశాడు చిలకలూరిపేట మెకానిక్. హార్డ్‌డిస్కు మాత్రం బాగానే ఉందట. నాన్నగారి బెంగ డబ్బు గురించి కాదు. పదేళ్ల కౌలు లెక్కలు, గుంటూరు యార్డుకు తోలిన మిర్చి టిక్కీల చిట్టా, ఊళ్లో పెద్దవాళ్ల నోట విని తెలుగులో టైపు చేసుకున్న కబుర్లు... అన్నీ అందులోనే ఉన్నాయి మరి. ‘పెట్టె ఏదైనా పర్లేదురా అబ్బాయ్, పొద్దున్నే తెరిస్తే అన్నీ ఎక్కడివక్కడ కనపడాలి’ అన్నారు.

ఆయన వాడేది లినక్స్. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థలో ఓ సుగుణం ఉంది. మనం చేసుకున్న అమరికలన్నీ దాదాపుగా మామూలు ఫైళ్లలోనే ఉంటాయి. వాటిని మొత్తంగా మరో పెట్టెలోకి తీసుకెళ్తే, అక్కడి యంత్రభాగాలను చాలావరకు కెర్నెలే గుర్తుపట్టి డ్రైవర్లను ఎక్కించుకుంటుంది. అచ్చం ఇల్లు మారడం లాంటిదే. సామాను లారీకెక్కించడం తేలిక. పాత చిరునామా ఎక్కడెక్కడ రాసి ఉందో వెతికి మార్చడమే అసలు పని.

కొత్త కంప్యూటర్‌ని పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో తెరిచి, పాత డిస్కును యూఎస్‌బీకి తగిలించాను. ‘ఆర్‌సింక్’తో ఫైళ్లన్నీ వాటి యజమాని, అనుమతుల వివరాలతో సహా కొత్త డిస్కులోకి చేరాయి. పాతది బయోస్ పద్ధతి, కొత్తది యూఈఎఫ్ఐ. అందుకని ఫ్యాట్32లో చిన్న విభాగం చేసి, వ్యవస్థను లేపే ‘గ్రబ్’ను కొత్తగా ఎక్కించాను. ఆన్ చేస్తే... అదే తెర, అదే తెలుగు కీబోర్డు. నాన్నగారి మొహం వెలిగిపోయింది.

‘ఇంక పాత డిస్కు చెరిపేసి వాడుకుందామా?’ అన్నారు. ఎందుకో ఆగి, దాన్ని ఊడదీసి మళ్లీ ఆన్ చేశాను. తొంభై సెకన్లు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్ అంటూ నల్ల తెర! గుండె జారింది.

తప్పు నాదే. ఏ విభాగాన్ని ఎక్కడ తగిలించాలో చెప్పే ‘ఎఫ్ఎస్‌ట్యాబ్’ ఫైల్లో ప్రతి విభాగానికీ యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. మొదటి వరుస మార్చి, నాన్నగారి ఫైళ్లుండే ‘హోమ్’ వరుస మరిచాను. అంటే మొదటిసారి మేం మురిసిపోయి చూసింది పాత డిస్కులోని ఇంటినే! ఆ పొద్దున నాన్నగారు రాసిన మాటలూ అందులోకే వెళ్లాయి. వాటిని కొత్తదాంట్లోకి తెచ్చి, ఆ ఒక్క సంఖ్య సరిచేస్తే అంతా కుదుటపడింది.

మీరూ ఇలాంటి పని పెట్టుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. పాత డిస్కు పక్కన ఉండగా పనిచేస్తే ఇల్లు మారినట్టు కాదు. దాన్ని ఊడదీశాక కూడా పనిచేయాలి. కొత్తింట్లో పాలు పొంగాకే కదా, పాత ఇంటి తాళం తిరిగిచ్చేది!