ఆరువందల మందిని పంపిందెవరు?

ఇంగ్లీషు సాహిత్యం చదివేవాళ్లకు టెన్నిసన్ పద్యం ‘ది ఛార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్’ ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. 1854 అక్టోబర్ 25న క్రిమియాలోని బాలక్లావా దగ్గర దాదాపు 670 మంది బ్రిటిష్ రౌతులు రష్యన్ ఫిరంగుల నోట్లోకి దూసుకెళ్లారు. ఆ సంఘటన మీద ఆస్థానకవి టెన్నిసన్ అదే ఏడాది డిసెంబరులో ప్రచురించిన పద్యమది. ఆజ్ఞ తప్పని తెలిసినా నోరెత్తకుండా చావడం గొప్ప అన్నది దాని సారం. మా ఎం.ఏ. క్లాసులో దాని లయ గురించి రెండు పీరియడ్లు చెప్పుకున్నాం. ఆజ్ఞ ఇచ్చిందెవరు, వాళ్లు ఆ పదవుల్లోకి ఎలా వచ్చారు అన్న మాటే రాలేదు.

ఆ మాట అడిగిన సినిమా ఒకటుంది. పేరు కూడా అదే. వియత్నాం యుద్ధం సాగుతున్న రోజుల్లో, 1968లో టోనీ రిచర్డ్‌సన్ తీశాడు. అంతకుముందు 1936లో ఎరాల్ ఫ్లిన్ హీరోగా ఇదే పేరుతో హాలీవుడ్ సినిమా వచ్చింది. అది టెన్నిసన్ దారిలోనే నడిచిన వీరగాథ. రిచర్డ్‌సన్ మాత్రం వెక్కిరించాడు. పాతకాలపు పత్రికల్లోని వ్యంగ్యచిత్రాలు కదులుతున్నట్టు రిచర్డ్ విలియమ్స్ గీసిన బొమ్మలు మధ్యమధ్యలో వస్తాయి. బ్రిటిష్ సింహం, రష్యా ఎలుగుబంటి కొట్లాడుకుంటుంటే నవ్వొస్తుంది. ఆ తర్వాత తెరమీద మామూలు మనుషులు చస్తుంటే, ఇందాక ఎందుకు నవ్వామా అనిపిస్తుంది.

మిత్రులారా, మనం ముఖ్యంగా చూడాల్సింది ఆ సేనానుల్ని. సర్వసేనాని లార్డ్ రాగ్లాన్‌కు 66 ఏళ్లు. 1815లో వాటర్లూ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు గానీ, యుద్ధభూమిలో సైన్యాన్ని స్వయంగా నడిపిన అనుభవం లేదు. ఫ్రాన్స్ ఇప్పుడు మిత్రదేశం. అయినా శత్రువు అనాల్సిన చోటల్లా ఆయన ‘ఫ్రెంచివాళ్లు’ అంటుంటాడు. ఆశ్వికదళాధిపతి లార్డ్ ల్యూకన్. ఆయన కింద లైట్ బ్రిగేడ్ అధిపతి లార్డ్ కార్డిగన్. కార్డిగన్ చెల్లెల్నే ల్యూకన్ చేసుకున్నాడు; బావకూ బావమరిదికీ మాటల్లేవు. కార్డిగన్ అంతకుముందు ఒక్క యుద్ధమైనా చూసినవాడు కాదు. మరి పదవి ఎలా వచ్చింది? కొనుక్కున్నాడు. అప్పటి బ్రిటిష్ సైన్యంలో గుర్రపు పటాలాల, కాల్బలాల ఆఫీసరు ఉద్యోగాలు ఎక్కువగా డబ్బుకు అమ్మేవాళ్లు. అందులో దొంగచాటు ఏమీ లేదు, ప్రభుత్వమే ధరల పట్టిక పెట్టింది. 1871 దాకా ఆ పద్ధతి నడిచింది. పుట్టుకా డబ్బూ ఉంటే చాలు, యుద్ధం తెలియనక్కర్లేదు. హాస్టల్ పిల్లలకు ‘మెరిట్’ గురించి పాఠాలు చెప్పేవాళ్లు ఈ సినిమాలో ట్రెవర్ హోవర్డ్ వేసిన కార్డిగన్ పాత్రను ఒక్కసారి చూడాలి.

పని తెలిసినవాడు కెప్టెన్ నోలన్. మన దేశంలో పనిచేశాడు, మద్రాసు గవర్నరు దగ్గర ఉన్నాడు, ఆశ్వికదళం మీద పుస్తకమే రాశాడు. కార్డిగన్‌కు ఇలాంటి ‘ఇండియా ఆఫీసర్లంటే’ చిన్నచూపు. మనకు సహజంగానే నోలన్ మీద అభిమానం కలుగుతుంది. దర్శకుడు దాన్ని కూడా నిలవనివ్వడు. యుద్ధం ఎందుకని నోలన్ అడగడు, నాకప్పజెబితే బాగా చేస్తాను అంటాడు. ఆ దొరల కొలువులో గుర్తింపు కోసం ఆరాటపడే తెలివైనవాడు చివరికి వాళ్ల చీటీ మోసేవాడే అవుతాడు. చదువుకుని పైకొస్తున్న మనం ఈ పాత్ర దగ్గర కాసేపు ఆగాలి. అతని ప్రేమకథ మాత్రం సాగదీశారు, అదంతా తీసేసినా పోయేదేం లేదు.

ఇక ఆ చీటీ సంగతి. టర్కీ సైనికుల దగ్గర్నుంచి లాక్కున్న ఫిరంగులను రష్యన్లు తరలించుకుపోతున్నారని కొండమీద ఉన్న రాగ్లాన్ అనుకున్నాడు. అడ్డుకోమని రాయించి పంపాడు. కింద లోయలో ఉన్న ల్యూకన్‌కు అవి కనిపించవు. ఏ ఫిరంగులని అడిగితే నోలన్ విసురుగా చెయ్యి చాపాడు. చాపిన వైపు, మైలుకు పైగా దూరంలో, లోయ చివర వేరే రష్యన్ ఫిరంగుల బారు ఉంది. రెండు పక్కల గట్ల మీదా రష్యన్లే. అయినా బయల్దేరారు. మొదట చచ్చినవాళ్లలో నోలన్ ఒకడు. కొద్ది నిమిషాల్లో సుమారు 110 మంది చనిపోయారు, 160 మంది దాకా గాయపడ్డారు, వందల గుర్రాలు కూలిపోయాయి. సినిమా చివర దొరలు తప్పు నీదంటే నీదని వాదించుకుంటారు. ఆపైన తెరమీద మిగిలేది ఒక చచ్చిన గుర్రం.

ఇది సైనికుల్ని అవమానించడమేనని సినిమా చూసిన మిత్రుడొకడు వాదించాడు. నేనొప్పుకోను. పేదవాడల నుంచి తిండికోసం వచ్చి చేరినవాళ్లను, కొరడా దెబ్బలు తిన్నవాళ్లను, కలరాతో దారిలోనే రాలిపోయినవాళ్లను సినిమా ఎక్కడా ఎగతాళి చెయ్యదు. అవమానించింది ఆ తర్వాతి బ్రిటన్. కార్డిగన్‌కు స్వదేశంలో వీరుడిగా స్వాగతం దొరికింది, ఆయన పేరు స్వెటరుకు నిలిచింది. ల్యూకన్ 1887లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. బతికి బయటపడ్డ మామూలు రౌతుల్లో కొందరు ముసలితనంలో కూటికి లేక అల్లాడారు. 1890లో కిప్లింగ్ వాళ్ల దుస్థితి మీదే పద్యం రాశాడు. సిలబస్‌లో అది ఉండదు.

క్రిమియా మళ్లీ వార్తల్లోకొచ్చింది. 2014లో రష్యా దాన్ని కలుపుకుంది, 2022లో ఉక్రెయిన్ మీద పూర్తి యుద్ధానికి దిగింది. ఆ యుద్ధంలో 2024లో మన హైదరాబాద్ కుర్రాడొకడు చనిపోయాడు. సహాయకుడి ఉద్యోగమని ఏజెంట్లు నమ్మించి పంపారు. అలా వెళ్లిన భారతీయుల చేత వాళ్లు చదవలేని రష్యన్ కాగితాల మీద సంతకాలు పెట్టించారని పత్రికల్లో వచ్చింది.

మన మెస్ బయటి గోడకు విదేశీ ఉద్యోగాల కాగితాలు రెండు అంటించి ఉన్నాయి. వాటిలో కంపెనీ పేరు లేదు, దేశం పేరు లేదు. జీతం, ఒక ఫోన్ నంబరు మాత్రం ఉన్నాయి.