కట్టేసిన దేవుడు, కట్టేసిన ఊరు

మధ్యధరా సముద్ర తీరాన, నేటి లెబనాన్‌లో, టైర్ అనే రేవు పట్టణం ఉంది. క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ ముట్టడించేనాటికి అదొక దీవి. చుట్టూ ఎత్తైన గోడలు, కాపలాకు నౌకాబలం. అపోలో దేవుడు తమను విడిచి శత్రువు వైపు పోతున్నట్టు కలలొచ్చాయని జనం బెంబేలెత్తి, ఆయన విగ్రహాన్ని బంగారు గొలుసులతో కట్టేశారు. పిల్లవాణ్ణి బలివ్వాలని కూడా కొందరు పట్టుబట్టారట. పెద్దలు అడ్డుపడబట్టి ఆ ఘోరం ఆగింది.

అలెగ్జాండర్ శిబిరంలోనూ ఇదే వరస. పట్టణం ఈ నెలలోనే పడిపోతుందని ఆస్థాన జోస్యుడు అరిస్టాండర్ చెప్పాడు. ఆ రోజే నెలాఖరు. సైనికులు నవ్వారు. ఆ రోజును 30గా కాక 28గా లెక్కపెట్టమని రాజు ఆజ్ఞాపించాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. జోస్యాలు ఫలించే తీరు అప్పుడూ ఇప్పుడూ ఇంతే!

నిజానికి పట్టణం పడింది జోస్యంతో కాదు. అలెగ్జాండర్ సైన్యం ఒడ్డున ఉన్న పాత టైర్‌ను కూల్చి, ఆ రాళ్లతో సముద్రంలో బాట వేసింది. సైప్రస్, ఫినీషియాల నుంచి 200 దాకా ఓడలు వచ్చి కలిశాక రేవులు మూసుకుపోయాయి, గోడకు గండి పడింది. 7 నెలల్లో అంతా ముగిసింది. 8,000 మంది చనిపోయారని, 30,000 మందిని బానిసలుగా అమ్మారని చరిత్రకారుడు ఏరియన్ లెక్క.

ఇలాంటి నమ్మకాలు మన దగ్గరా ఉన్నాయి. కృష్ణా నది ఒడ్డున విజయపురిలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేశాడని నాగార్జునకొండ శాసనాలు చెబుతాయి. చనిపోయిన సైనికుల కోసం నిలిపిన ఛాయాస్తంభాలూ అక్కడే దొరికాయి. అశ్వమేధం ఆ సైనికుల ప్రాణాలను కాపాడలేదు, ఆ వంశాన్నీ ఎంతోకాలం నిలబెట్టలేదు.

ఆ నమ్మకాలు నేటికీ పోలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో ఊరి నడుమ నాటిన బొడ్రాయికి పండుగ వస్తే ఇంటింటికీ చందా వేస్తారు, ఆడబిడ్డలను పిలిచి ఒడిబియ్యం పోస్తారు. ఆ కలయిక నాకూ ఇష్టమే. నా అభ్యంతరమల్లా 'ఊరు కట్టడం' అనే తంతు మీద. మేక నెత్తురు కలిపిన అన్నాన్ని పొలిమేర చుట్టూ 'పొలి' అంటూ చల్లుతారు. ఆ వేళ బయటివాళ్లు రాకూడదు, ఊళ్లోవాళ్లు దాటకూడదు. ఇక రోగం, అరిష్టం దరిచేరవని నమ్మకం. మురుగు మోరీలో పుట్టే దోమకు ఏ పొలిమేర అడ్డు? ఆ రాత్రి ఎవరికైనా పురిటి నొప్పులొస్తే, పాము కరిస్తే, తెల్లారేదాకా ఆగాలా? పండుగ కమిటీలు ఈ సంగతి ముందే తేల్చి చెప్పాలి. 108 బండికి దారి వదలాలి. చందా డబ్బుల్లోంచి మోరీలు తీయించే ఖర్చు మొదటే పక్కన పెట్టాలి.