ఖాళీ కంప్యూటర్‌తో చేసే సాయం, ఇచ్చినదాని లెక్క



పోస్టు కొంచెం పెద్దది. సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి కాబట్టి మా గదిలో ఐదుగురం కూర్చుని, మాట్లాడుకుని, రెండు రాత్రులు వాదించుకుని రాశాం. చివరిదాకా చదివి మీ మాట కూడా చెప్పండి.

మా ఐదుగురి ఇళ్లల్లోనూ కాలేజీ మెట్లెక్కింది మేమే మొదట. కంప్యూటర్ కొనే స్తోమత ఎవరికీ లేదు. పోయిన ఏడాది మాలో ఒకడి మేనమామ, పట్నంలో అటెండర్ పని చేస్తాడు, ఎవరో తీసేస్తున్న పాత కంప్యూటర్ని రెండు వేలకి బేరం చేసి తెచ్చిపెట్టాడు. రికార్డులు టైపు చేసుకోవడానికి, పాఠాలు వినడానికి, నిజం చెప్పాలంటే సినిమాలకి కూడా వాడుతున్నాం. రాత్రి పదకొండు దాటితే మాత్రం అది ఖాళీ.

ఫిజిక్స్ క్లాసులో మేడం ఒకరోజు ఒక మాట చెప్పారు. ఇలా ఖాళీగా ఉండే ఇంటి కంప్యూటర్లని ఇన్నేళ్లలో లక్షలమంది సైన్స్ పరిశోధనకి సాయంగా ఇచ్చారట, దానికి డబ్బులేమీ ఉండవట. మాకు నమ్మబుద్ధి కాలేదు. డబ్బు లేకుండా ఎవరిస్తారు? తర్వాత చదివి చూస్తే నిజమే.

ఇది ఎలా పని చేస్తుందో మన భాషలో చెప్తాం. మన ఊళ్లల్లో పసుపు తవ్వేటప్పుడు ఒక ఇంటివాళ్లే తవ్వితే నెల పడుతుంది. అందుకే ఊరంతా సాయం వెళ్తారు. తలా ఒక సాలు పట్టుకుంటారు. సాయంత్రానికి చేను అయిపోతుంది. కూలి ఉండదు, మధ్యాహ్నం అంబలి, రాత్రికి కూర భోజనం. రేపు మన చేనుకి వాళ్లొస్తారు. ఇదీ అలాంటిదే. శాస్త్రవేత్తల దగ్గర ఒక్క కంప్యూటర్ మీద చేస్తే వందల ఏళ్లు పట్టే లెక్క ఉంటుంది. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఇంటర్నెట్లో ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో ముక్క పంపుతారు. మన కంప్యూటర్ ఖాళీ దొరికినప్పుడు ఆ ముక్క లెక్క చేసి, జవాబు తిరిగి పంపి, ఇంకో ముక్క తెచ్చుకుంటుంది. ఎవరి కంప్యూటరైనా తప్పు చేస్తుందేమోనని చాలా చోట్ల ఒకే ముక్కని ఇద్దరికి పంపి జవాబులు పోల్చి చూస్తారు. నెట్ రోజంతా అక్కర్లేదు. ముక్క తెచ్చుకునేటప్పుడు, జవాబు పంపేటప్పుడు ఉంటే చాలు.

ఇది కొత్తదేమీ కాదు. 1999 మే నెలలో అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీ వాళ్లు 'సెటి ఎట్ హోమ్' అని మొదలుపెట్టారు. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాల్లో వేరే లోకపు మనుషుల సంకేతం ఏదైనా ఉందా అని వెతకడం దాని పని. 50 లక్షల మందికి పైగా చేరారు. సంకేతం దొరకలేదు, 2020 మార్చిలో కొత్త పని పంపడం ఆపేశారు. కానీ ఆ దారి మిగిలింది. అక్కడివాళ్లే 2002లో 'బోయింక్' అనే సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టారు. ఇప్పుడు దాని మీద రకరకాల పరిశోధనలు నడుస్తున్నాయి. 2010లో అమెరికా, జర్మనీలలో మామూలు మనుషుల ఇళ్లల్లో నడుస్తున్న కంప్యూటర్లు అంతకుముందు ఎవరికీ తెలియని ఒక పల్సర్ నక్షత్రాన్ని పట్టుకున్నాయి.

నక్షత్రాలు మనకెందుకు అంటారా? సరే, మన రోగాల సంగతి చూద్దాం. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు 'మలేరియా కంట్రోల్' పేరుతో ఇలాగే ఇంటి కంప్యూటర్ల సాయం తీసుకున్నారు. దోమతెరలు ఇస్తే ఎంత తగ్గుతుంది, టీకా వస్తే ఎంత తగ్గుతుంది అని లెక్కలు కట్టారు. ఏజెన్సీలో పుట్టినవాళ్లకి మలేరియా గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మా ఐదుగురిలో చలిజ్వరం రానివాడు ఒక్కడూ లేడు. 2016లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్లు టీబీ మీద ఒకటి మొదలుపెట్టారు. టీబీ క్రిమి చుట్టూ మైనం లాంటి పొర ఉంటుంది, మందుని లోపలికి సులువుగా పోనివ్వదు. ఆ పొర ఎలా కట్టి ఉందో తెలుసుకోవడం ఆ లెక్కల పని. ప్రపంచంలోని టీబీలో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉంది. 2020లో కరోనా వచ్చినప్పుడు 'ఫోల్డింగ్ ఎట్ హోమ్'లో జనం ఎంతగా చేరారంటే, ఆ ఇంటి కంప్యూటర్లన్నీ కలిపిన శక్తి ఏప్రిల్ నాటికి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లు కలిపినదానికంటే ఎక్కువైంది.

ఇది చదివాక మాకు ఆశ పుట్టింది. కానీ హాస్టల్ కరెంటు మాది కాదు. అందుకని వార్డెన్ సార్ దగ్గరికి వెళ్లి అడిగాం. ఆయన అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "దీనివల్ల మీకేంట్రా?"

మేం జవాబు చెప్పలేకపోయాం. సార్ నవ్వి, రాత్రి పదకొండు నుంచి ఉదయం ఐదు దాకా, ఒక్క కంప్యూటర్, వేసవిలో వద్దు అని ఒప్పుకున్నారు. కానీ ఆ ప్రశ్న మా గదిలోనే ఉండిపోయింది. దాని మీదే వాదన మొదలైంది.

మాలో ఒకడు మొదటినుంచీ వద్దన్నాడు. వాడి మాటలు ఇక్కడ ఉన్నదున్నట్టు రాయమన్నాడు, రాస్తున్నాం. "మన దగ్గర తీసుకోవడం ఎవరికైనా అలవాటే. చిన్నప్పుడు స్కూల్లో మన రక్తం తీసుకెళ్లారు, గుర్తుందా? ఇప్పుడు కంప్యూటర్ కూడా ఇవ్వాలా?"

గుర్తుంది. మాలో ముగ్గురం ఒకే ఆశ్రమ పాఠశాలలో చదివాం. ఎనిమిదో తరగతిలో ఉండగా ఎవరో తెల్లకోట్ల వాళ్లు వచ్చారు. వరుసలో నిలబెట్టి అందరి వేళ్లకీ సూది గుచ్చి రక్తం తీసుకున్నారు. పుస్తకంలో పేర్లు రాసుకున్నారు. తలా ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి, రిపోర్టు మళ్లీ వస్తుందన్నారు. రాలేదు. ఎందుకు తీశారో మాకూ తెలియదు, మా అమ్మానాన్నలకీ తెలియదు. వద్దన్నవాడి చెల్లి కూడా ఆ రోజు ఆ వరుసలోనే ఉంది. ఆ పిల్లకి ఇంటర్ మొదటి ఏడాదిలో కాళ్లూ చేతులూ పట్టేసే నొప్పులొచ్చి, మూడు ఆసుపత్రులు తిరిగాక, సికిల్ సెల్ అని తేలింది. ఆ మధ్యలో నాలుగేళ్లు ఇంట్లోవాళ్లు పని ఎగ్గొడుతోందని తిట్టారు, ఎవరో పట్టిందని పూజలు చేశారు. ఆ రోజు తీసిన రక్తంలో అది తెలిసిందో లేదో మాకు తెలియదు. తెలిసి ఉంటే, ఆ కాగితం ఒక్కటి మా ఊరికి వచ్చి ఉంటే, ఆ నాలుగేళ్లు వేరేగా ఉండేవి.

అందుకే వాడి కోపాన్ని మేం కొట్టిపారేయలేదు. కానీ మూడు నెలలు ఈ పని చేశాక మాకు అర్థమైన సంగతి ఒకటుంది. ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

మేం 'వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్' అనే దాంట్లో చేరాం. 2004లో ఐబీఎం కంపెనీ మొదలుపెట్టింది, 2021లో కెనడాలోని క్రెంబిల్ అనే పరిశోధన సంస్థకి అప్పజెప్పింది. అందులో మా కంప్యూటర్ చేసింది కాన్సర్ గుర్తులు వెతికే పని. కాన్సర్ వచ్చినవాళ్లూ రానివాళ్లూ ఇచ్చిన నమూనాల వివరాలు పోల్చి, రోగాన్ని ముందే పసిగట్టే గుర్తులు వెతుకుతారు. చేరేముందే ఆ పని ఏంటి, ఎవరు చేస్తున్నారు, ఎందుకు అని రాసి ఉంది. చదివి, ఇష్టమైతే ఒప్పుకోవచ్చు. వద్దనుకుంటే ఒక్క బటన్‌తో మానేయొచ్చు, ఎవరూ ఎందుకని అడగరు. మా కంప్యూటర్ ఎన్ని గంటలు పని చేసింది, ఎన్ని జవాబులు పంపింది అని మా పేరు మీద లెక్క కనబడుతుంది. వచ్చిన ఫలితాలు అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టాలన్నది వాళ్ల నియమం.

ఇప్పుడు చెప్పండి. రెండు వేల రూపాయల పాత కంప్యూటర్ రాత్రిపూట ఇచ్చిన కాస్త శక్తికి ఇంత లెక్క, ఇంత మర్యాద ఉంది. మన పిల్లల ఒంట్లోంచి తీసిన రక్తానికి ఎందుకు లేదు?

వార్డెన్ సార్ ప్రశ్నకి ఇదే మా జవాబు. దీనివల్ల మాకు వచ్చింది ఏంటంటే, ఇచ్చేవాడికి అడిగే హక్కు ఉంటుందని తెలిసింది. ఇంతకాలం మనం ఇవ్వడం తప్పు కాదు. అడగకుండా ఇవ్వడం, లెక్క చెప్పకుండా తీసుకెళ్తుంటే ఊరుకోవడం తప్పు. పసుపు చేనుకి సాయం వెళ్లినప్పుడు కూడా ఎవరి చేను, ఎన్ని సాళ్లు, రేపు ఎవరి వంతు అన్నది అందరికీ తెలిసే ఉంటుంది కదా.

సికిల్ సెల్ సంగతి కూడా కొంచెం చెప్పాలి. మన రక్తంలోని హిమోగ్లోబిన్లో ఒక గొలుసు 146 పూసల దండ లాంటిది. సికిల్ సెల్ ఉన్నవాళ్లలో 6వ పూస ఒక్కటి మారిపోయి ఉంటుంది, అంతే. ఆ ఒక్క పూస వల్లే ఎర్ర కణం కొడవలిలా వంగుతుంది. ఈ రోగం అణువులోని తేడా వల్ల వస్తుందని 1949లోనే లైనస్ పాలింగ్ బృందం చూపించింది. నీలగిరి కొండల ఆదివాసుల్లో ఇది ఉందని 1952లో రాశారు. దేశమంతా దీన్ని 2047 నాటికి తొలగిస్తామని కేంద్రం 2023 జూలై 1న మిషన్ మొదలుపెట్టింది, 7 కోట్లమందికి పరీక్షలు అన్నది. 1952 నుంచి 2023కి 71 ఏళ్లు. ఇందులో ఎవరినో తిట్టాలని కాదు. ఏ రోగం మీద ముందు పరిశోధన జరగాలో నిర్ణయించే గదిలో మనవాళ్లు లేకపోతే మన రోగం వరుసలో చివరికి వెళ్తుంది. ఖాళీ కంప్యూటర్ ఇచ్చేవాళ్లం వాళ్లు పెట్టిన జాబితాలోంచి ఎంచుకోగలం. జాబితా రాసేవాళ్లం కావాలంటే మనలోంచి బయోకెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ చదివి పరిశోధనకి వెళ్లేవాళ్లు రావాలి. మన దేశంలోనే 2008లో సీఎస్ఐఆర్ టీబీ మందుల కోసం అందరూ పాల్గొనగలిగే ఒక పరిశోధన మొదలుపెడితే, వందలమంది కాలేజీ విద్యార్థులు కలిసి టీబీ క్రిమిలోని దాదాపు 4 వేల జన్యువుల వివరాలు తిరిగి రాశారు. వాళ్లూ మనలాంటి స్టూడెంట్లే.

ఇప్పుడు చేరాలనుకునేవాళ్లకి నాలుగు జాగ్రత్తలు.

ఒకటి, కరెంటు ఉచితంగా రాదు. వంద వాట్లు లాగే కంప్యూటర్ పది గంటలు నడిస్తే ఒక యూనిట్. నెలంతా అలా నడిస్తే 30 యూనిట్లు. ఇంట్లో నాన్న బిల్లు కడుతుంటే నాన్నని అడగండి. మన ఊళ్లో లైటే సరిగ్గా వెలగని ఇళ్లున్నాయి, అక్కడ ఈ మాటే ఎత్తొద్దు.

రెండు, కాలేజీ ల్యాబు, ఆఫీసు కంప్యూటర్లలో అనుమతి లేకుండా వెయ్యొద్దు. అమెరికాలో ఒక కాలేజీ ఉద్యోగి మంచి ఉద్దేశంతోనే అలా వేసి కేసులో ఇరుక్కున్నాడు. మనవాళ్ల మీద కేసు పెడితే బయటపడడం ఎంత కష్టమో మీకు తెలుసు.

మూడు, ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది. ఎంత శక్తి వాడాలి, ఏ టైంలో వాడాలి అని సెట్టింగుల్లో తగ్గించుకోవచ్చు, సగానికి పెట్టుకోండి. ఫోన్లో కూడా బోయింక్ ఉంది, ఛార్జింగులో ఉండి, వైఫై ఉన్నప్పుడే పని చేసేలా ఉంటుంది. అయినా ఉన్న ఒక్క ఫోన్ మీదే చదువు నడుస్తుంటే దాన్ని వదిలెయ్యండి.

నాలుగు, డబ్బులొస్తాయని చెప్పేవాళ్లని నమ్మొద్దు. అసలైనవాళ్లు డబ్బు ఇవ్వరు, అడగరు. ఆధార్, ఓటీపీ, బ్యాంకు వివరాలు ఎవరైనా అడిగితే అది మోసమే. వాట్సాప్‌లో వచ్చిన లింకు నుంచి కాకుండా వాళ్ల సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి.

చివరిగా రెండు ప్రతిపాదనలు. బోయింక్‌లో జట్టుగా చేరొచ్చు. అనుమతి, కరెంటు, కంప్యూటర్ మూడూ ఉన్నవాళ్లం కలిసి మన గ్రూపు పేరుతో ఒక జట్టు పెడదాం. పది కంప్యూటర్లున్నా చాలు.

రెండోది ఇంకా ముఖ్యం. ఈ సెలవులకి ఊరెళ్లినప్పుడు మన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి సికిల్ సెల్ పరీక్ష చేశారా, కార్డు ఇచ్చారా అని ఇంట్లో అడగండి. రక్తం తీసి కాగితం ఇవ్వకపోతే ఏ ఊరు, ఏ స్కూలు, ఏ సంవత్సరం అని రాసుకోండి. పిల్లల పేర్లు మాత్రం ఇక్కడ బయటపెట్టొద్దు. అందరివీ కలిపి ఒక అర్జీగా ఐటీడీఏ పీవో గారికి ఇద్దాం. వద్దన్న మావాడు కంప్యూటర్ సంగతిలో ఇంకా ఒప్పుకోలేదు గానీ, అర్జీ మాత్రం తనే రాస్తానన్నాడు. మొదటి ఊరి పేరు కూడా రాసేశాడు. మీ ఊరి వివరాలు పంపండి.

జై ఆదివాసీ.