డర్స్లీ ఇంజను, ఉద్దానం సమ్మెట

ఉద్దానం తోటల్లో పాత ఆయిలింజను ఎక్కడైనా కనబడితే దాని ఫ్లైవీలు హబ్బు దగ్గర ఒకసారి చూడండి. చాలావాటికి సుత్తి దెబ్బల గుర్తులుంటాయి. కొన్నిటికి కీ తల విరిగి ఉంటుంది. షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉన్న ఇంజను సముద్రపు గాలికి తుప్పు పడుతుంది. బేరింగు మార్చాలంటే ముందు ఫ్లైవీలు ఊడాలి. ఊడదు. అప్పుడు మనవాళ్లు సమ్మెట అందుకుంటారు.

నిదానంగా తిరిగే ఈ ఒంటి సిలిండరు ఇంజన్లలో చాలావాటి మూలం ఇంగ్లండులోని డర్స్లీ అనే చిన్న ఊరు. లిస్టర్ కంపెనీ 1929లో అక్కడ ‘సి.ఎస్.’ రకం తెచ్చింది. నిమిషానికి 600, 650 చుట్లు, రెండు బరువైన ఫ్లైవీళ్లు, నీళ్లతో చల్లబడే సిలిండరు. తర్వాత రాజ్‌కోట్ వాళ్లు అదే నమూనాను పోతపోసి దేశమంతా అమ్మారు. 2000 తర్వాత కొన్నేళ్లు అమెరికాలో కరెంటు లైను వద్దనుకున్న ఇళ్లవాళ్లు కూడా రాజ్‌కోట్ ఇంజన్లే తెప్పించుకున్నారు, పొగ నిబంధనలు అడ్డొచ్చేదాకా. యంత్రం అక్కడా ఇక్కడా ఒకటే. పట్టేసినప్పుడు దాన్ని విప్పే తీరులోనే తేడా ఉంది.

అమెరికాలో అయోవా రాష్ట్రం మౌంట్ ప్లెజెంట్‌లో పాత నూర్పిడి యంత్రాల జాతర 1950లో మొదలైంది. పెన్సిల్వేనియాలోని కూల్‌స్ప్రింగ్ మ్యూజియం 1985 నుంచి పాత ఇంజన్లను నడిపి చూపిస్తోంది. ఇలాంటి ఇంజన్లను బాగుచేసేవాళ్లలో చాలామంది బిగుసుకున్న కీని లాగే పనిముట్టును, అంటే పుల్లర్‌ను, తామే చేసుకుంటారు. వందేళ్ల నాటి పోత విరిగితే ఇంకొకటి దొరకదు కాబట్టి, పనిముట్టు చేయడానికి ఒక పూట పోయినా వాళ్లకు నష్టంగా తోచదు.

లోపల జరిగేది తెలిస్తే సమ్మెట ఎందుకు పనికిరాదో అర్థమవుతుంది. ఫ్లైవీలును షాఫ్టుకు బిగించే తలకట్టు కీ ఒక వాలు చీల. 100 మి.మీ. పొడవుకు 1 మి.మీ. వాలు. పార కామకు కొట్టిన చీలలాగే అది బిగుసుకుంటుంది. దానికి తోడు తుప్పు. ఇనుము తుప్పుగా మారితే ముందున్నదానికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, సందంతా నిండిపోతుంది. పోత ఇనుము నొక్కుడుకు ఓర్చుకుంటుంది కానీ దెబ్బకూ లాగుడుకూ పగులుతుంది. ఫ్లైవీలు అంచు మీద కొట్టిన దెబ్బ ఊచల్లోకి పోతుంది, షాఫ్టు కొన మీద కొట్టింది బేరింగు మీద పడుతుంది.

పుల్లర్ చేయడం కష్టమేమీ కాదు. మందపాటి ఎం.ఎస్. ప్లేటు ముక్కను షాఫ్టు పట్టేలా యూ ఆకారంలో కోయాలి. యూ అడుగున కీ మెడ దూరేంత సన్నటి గాడి తియ్యాలి. గాడి కీ తల వెనక పడుతుంది. అక్కడ సందు చాలకపోతే ఆ అంచును మాత్రం గ్రైండరుతో పలచన చేస్తే సరి. ప్లేటుకు రెండు పక్కలా థ్రెడ్డు తీసి 16 మి.మీ. హైటెన్సిల్ బోల్టులు ఎక్కిస్తే వాటి మొనలు హబ్బు ముఖాన్ని తన్నుతాయి. ఒక చుట్టుకు బోల్టు 2 మి.మీ. కదులుతుంది. అడుగు పొడవు స్పానరు మీద 20 కిలోల బలం పెడితే, థ్రెడ్డుకు గ్రీజు రాసి ఉంటే, ఒక్కో బోల్టు సుమారు రెండు టన్నులు నెడుతుంది. ఏ సమ్మెటా ఇంత బలాన్ని అలా నిలిపి ఉంచలేదు.

రెండు బోల్టులూ మార్చి మార్చి, పావు చుట్టు చొప్పున బిగించాలి. బిగువు నిండాక ప్లేటు మీద చిన్న సుత్తితో తట్టాలి. ఆ అదురుకే తుప్పు విడుతుంది. విడకపోతే డీజిలు పోసి రాత్రంతా వదిలెయ్యాలి. అప్పటికీ రాకపోతే వేడి. 50 మి.మీ. రంధ్రమున్న హబ్బు 100 డిగ్రీలు వేడెక్కితే 0.05 మి.మీ. విచ్చుకుంటుంది, చాలాసార్లు అది చాలు. మంట హబ్బు చుట్టూ సమంగా తిప్పాలి, నీళ్లు చల్లకూడదు, డీజిలు ట్యాంకు ముందే తీసెయ్యాలి. కీ తల విరిగిపోయి ఉంటే మిగిలిన మొనకు బోల్టు వెల్డింగు చేసి దాన్ని పట్టి లాగవచ్చు. బిగువులో ఉన్న పుల్లర్‌కు ఎదురుగా మాత్రం ఎవరూ నిలబడకూడదు. గోనెసంచి చుట్టడం మంచిది. లారీ కమాను పట్టీలు గట్టివి కదా అని దవడలుగా వెల్డింగు చేయొద్దు, అతుకు దగ్గర పెళుసెక్కి పుటుక్కున విరుగుతాయి.

అమెరికావాళ్ల పద్ధతిని ఇక్కడికి యథాతథంగా తేలేం. ఒక పిస్టన్ కదలడానికి అక్కడివాళ్లు నెలలు ఆగగలరు. మన రైతుకు ఇవాళ నీళ్లు పారకపోతే మొక్క ఎండిపోతుంది. అందుకే తొందరపడి కొడతాడు, అతన్ని తప్పుపట్టలేను. కానీ తొందర ఉన్నచోటే పనిముట్టు ముందుగా చేసిపెట్టుకుని ఉండాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి నేలకొరిగాయి, ఊళ్లకు ఊళ్లు చాలారోజులు కరెంటు లేకుండా గడిపాయి. అలాంటి రోజున షెడ్డులోని పాత ఇంజను తిరిగితే తాగునీళ్లు తోడుకోవచ్చు.

జలంత్రకోట నుంచి పలాస, టెక్కలి దాకా జాతీయ రహదారి పొడవునా వెల్డింగు షాపులున్నాయి, లారీల తుక్కు ఉంది, చేయి తిరిగిన మేస్త్రీలున్నారు. ఊరికొక పుల్లర్ చేసి అందరికీ తెలిసిన చోట పెట్టుకుంటే చాలు, ఇంటికొకటి అక్కర్లేదు. ఐ.టి.ఐ.లలో ఫిట్టర్ ట్రేడు నేర్పే మాస్టార్లకు ఒక విన్నపం: పిల్లల చేత మార్కుల కోసం చేయించే ఇనుప ముక్కల్లో ఒకటి ఈ పుల్లర్ కానివ్వండి, చేసినవాటిని ఊళ్లకు పంపండి.