తూకానికి వేసేముందు తీగ సరిగ్గా కలిపి చూడండి



ఉగాదికి ముందు మన హాల్లో పాత ఎలక్ట్రానిక్ సామాను సేకరణ పెడదామని కార్యవర్గం అనుకుంటోంది. పాడైన మొబైళ్ళు, ఛార్జర్లు, పాతకాలపు టీవీలు ఇచ్చేయమంటే నాకేమీ పేచీ లేదు. కానీ గ్రూపులో పెట్టిన జాబితాలో "పాత యాంప్లిఫయర్లు" అని కూడా ఉంది. దాని కింద "మా ఇంట్లో ఒకటుంది, పట్టుకెళ్ళండి" అని వరసగా సమాధానాలు. నా అభ్యంతరం దీనికే. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

పట్టుకెళ్ళమన్నవాళ్ళు చెప్పిన కారణాలు మూడు. టీవీకి కలిపితే గుయ్యిమంటోంది. సీడీ ప్లేయరు పెడితే శబ్దం చీలిపోతోంది. రికార్డ్ ప్లేయరు పెడితే వినబడటమే లేదు. ఈ మూడింటిలో ఒక్కటి కూడా యాంప్లిఫయరు చచ్చిపోయిందనడానికి రుజువు కాదు. ఎక్కువసార్లు కలపడంలోనే లోపం ఉంటుంది. ఇంటికి వచ్చిన చుట్టానికి మన భాష రాదని చెవిటివాడని తీర్మానించినట్టుంది ఇది.

అసలు పవర్ యాంప్లిఫయరు చేసే పని ఒక్కటే. చిన్న సంకేతం తీసుకుని స్పీకరును కదిలించేంత బలం ఇస్తుంది. చాలావాటికి వాల్యూమ్ బటన్ ఉండదు, ఏ యంత్రం పాడాలో ఎంచుకునే స్విచ్చూ ఉండదు. ఆ పనులు ముందుండే ప్రీయాంప్‌వి. ఆ కాలంలో రెండూ జంటగా వచ్చేవి. ప్రీయాంప్ ఎక్కడో పోయి, పవర్ యాంప్ ఒక్కటే అటక మీద మిగిలిపోతే దాన్ని పనికిరానిదంటున్నాం.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండులో తయారైన క్వాడ్ 405 అనే పవర్ యాంప్ 1970లలో పేరుపడ్డది. 8 ఓముల స్పీకరుకు ఒక్కో ఛానెల్‌కి 100 వాట్లు ఇస్తుంది. ఆ 100 వాట్లూ రావడానికి దానికి అందాల్సిన సంకేతం అర వోల్టే. ఈనాటి సీడీ ప్లేయర్లు గరిష్ఠంగా ఇచ్చేది సుమారు 2 వోల్టులు. అంటే నాలుగు రెట్లు! గ్లాసులో బిందె కుమ్మరిస్తే ఒలకదా? శబ్దం చీలిపోవడానికి కారణం ఇదే. మధ్యలో వాల్యూమ్ ఉన్న ప్రీయాంప్ పెట్టుకోవచ్చు. లేదా ఒక్కో ఛానెల్‌కి రెండు రెసిస్టర్లతో సంకేతాన్ని పావు వంతుకి తగ్గించుకోవచ్చు. తగ్గించినా వాల్యూమ్ తిప్పే ఏర్పాటు ఎక్కడో ఒకచోట ఉండాలి. రిచీ స్ట్రీట్‌లో అడగండి, ఆ రెసిస్టర్ల ఖరీదు కాఫీ ఖరీదుకి మించదు.

రికార్డ్ ప్లేయరు సంగతి దీనికి తలకిందులు. దాని ముల్లు దగ్గర పుట్టే సంకేతం కొన్ని మిల్లీవోల్టులే. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. వినేటప్పుడు దాన్ని తిరిగి సరిచేయాలి. ఆ పని చేసే ఫోనో ప్రీయాంప్ లేకుండా నేరుగా పవర్ యాంప్‌కి తగిలిస్తే ఘంటసాల గొంతు కూడా రేకు డబ్బాలోంచి వచ్చినట్టే ఉంటుంది. అది ఘంటసాల తప్పు కాదు, యాంప్లిఫయరు తప్పు అంతకంటే కాదు.

ఇక గుయ్యిమనే మోత. ముందు యాంప్‌కి కలిపిన ఇన్‌పుట్ తీగలన్నీ తీసేసి స్పీకరు వినండి. మోత అలాగే ఉంటే లోపలి కెపాసిటర్లు ముసలివై ఉండవచ్చు, మెకానిక్‌కి చూపించాలి. మోత ఆగిపోతే యాంప్ బాగానే ఉంది, గొడవ బయట ఉంది. టీవీకి కేబుల్ కనెక్షన్ ద్వారా ఒక ఎర్త్, యాంప్‌కి ప్లగ్గు ద్వారా ఇంకో ఎర్త్ ఉంటే రెంటి మధ్య ఒక చుట్టు ఏర్పడి కరెంటు మోత స్పీకర్లోకి వస్తుంది. కేబుల్ తీగ పీకి చూడండి, మోత పోతే దొంగ దొరికినట్టే. టీవీలో ఆప్టికల్ అవుట్ ఉంటే ఒక చిన్న డాక్ పెట్టె కొని దాని ద్వారా కలపండి. ఆ తీగలో ప్రయాణించేది వెలుగు, కరెంటు కాదు. చుట్టు అక్కడే తెగిపోతుంది.

ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పాలి. మోత పోవాలంటే ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయమని గ్రూపులో సలహా ఇచ్చిన పెద్దమనిషి దయచేసి ఆ సలహాను వెనక్కి తీసుకోవాలి. మోత పోతుంది, నిజమే. లోపల ఇన్సులేషన్ పాడై లోహపు పెట్టెకి 230 వోల్టులు తగిలిన రోజున దాన్ని ముట్టుకున్న పిల్లవాడు కూడా పోతాడు. సంగీతం కోసం ఎవరి ఇంట్లోనూ ఆ పని జరగకూడదు.

అలాగే ఒక యాంప్ స్పీకర్ అవుట్‌ని ఇంకో యాంప్ ఇన్‌పుట్‌కి కలపకండి. హోమ్ థియేటర్ రిసీవరు నుంచి కలపాలంటే దాని వెనక ప్రీ అవుట్ అని రాసిన రంధ్రాలు ఉండాలి. వేసేటప్పుడు పవర్ యాంప్ అన్నింటికంటే చివర, ఆపేటప్పుడు అన్నింటికంటే ముందు. పాత ఐదు పిన్నుల, నాలుగు పిన్నుల గుండ్రటి డిన్ సాకెట్లయితే ఏ పిన్ను దేనికో ఆ మోడల్ మాన్యువల్ చూసే టంకం వేయించండి. అన్ని కంపెనీలకీ ఒకే వరస కాదు.

"ఇంత తంటా దేనికండీ, బ్లూటూత్ స్పీకరు కొంటే పోలా" అంటారు మన యువ సభ్యులు. కొనండి, కాదనను. కానీ ఇళ్ళలో జరిగే వరస గమనించండి. యాంప్లిఫయరు పోయాక టేప్ డెక్కు దేనికని అదీ పోతుంది. డెక్కు పోయాక క్యాసెట్లు దేనికని అవీ పోతాయి. ఆ క్యాసెట్లలో ఏమున్నాయి? మన హాల్లో జరిగిన ఉగాది కవి సమ్మేళనాలు, హరికథలు, పద్యనాటకాలు, మీ నాయనమ్మ పాడిన మంగళహారతులు. అవి ఏ ఇంటర్నెట్‌లోనూ దొరకవు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత మన పిల్లల్లో ఎందరికి బళ్ళో తెలుగు అక్షరం అందింది? చదవలేని పిల్లకి వినే తెలుగైనా మిగలాలి కదా. దాన్ని కూడా మన చేతులతోనే కాయలాన్ కడై తక్కెడలో పెడదామా?

రెండో వైపు వాళ్ళకీ ఒక మాట. పాత యాంప్ అంటే దేవుడి విగ్రహమనీ, దానికి వేల రూపాయల తీగలు కడితేనే పలుకుతుందనీ చెప్పే ఆడియో భక్తుల మాట కూడా నమ్మకండి. ఇంట్లో రెండు మీటర్ల దూరానికి గట్టిగా పట్టుకునే మామూలు కవచం తీగ చాలు. వీళ్ళు చెప్పే ఖర్చు విని భయపడే సగం మంది సామాను పారేస్తున్నారు.

అన్నీ ఉంచేసుకోమని నేననడం లేదు. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినవి, తుప్పు పట్టి బోర్డు తినేసినవి సేకరణకే ఇవ్వండి. కానీ ఏది బతికుందో చూడకుండా శవాల బండి ఎక్కించడం ఏ న్యాయం?

అందుకని కార్యవర్గానికి నా కోరిక ఇది. సేకరణకు ముందు ఒక ఆదివారం హాల్లో పరీక్ష పెట్టండి. అనుభవం ఉన్న మెకానిక్‌ని ఒకరిని పిలిచి రోజు కూలి ఇద్దాం. ఏళ్ళ తరబడి వాడని యంత్రాన్ని నేరుగా కరెంటులో పెట్టకుండా సిరీస్ బల్బు పెట్టి లేపడం ఆయనకి తెలిసి ఉండాలి. బతికినవాటికి ఏది దేనికి కలపాలో చీటీ రాసి అంటిద్దాం. యజమాని వద్దంటే ఇంకో సభ్యుడికి ఇద్దాం. క్యాసెట్లు తెచ్చినవాళ్ళవి అదే రోజు కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెడదాం. డెక్కు లైన్ అవుట్ నుంచి కంప్యూటరు లైన్ ఇన్‌కి ఒక్క తీగ చాలు.

ఈ నెల సమావేశంలో ఈ అంశం చర్చకు పెట్టమని కార్యదర్శిగారికి లిఖితపూర్వకంగా ఇస్తున్నాను. సమర్థించేవాళ్ళు కింద పేరు రాయండి. వ్యతిరేకించేవాళ్ళు కారణం రాయండి, "పాతది కదా" అన్నది మాత్రం కారణం కాదు. ఆ లెక్కన ఈ ఊళ్ళో మన తెలుగు కూడా పాతదే.